నురగ మాట, యంత్రం మాట

ఆ ప్రసూతి ఆసుపత్రి లాబొరేటరీలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. వార్డుల్లో నర్సుల దగ్గర్నుంచి ఫైళ్ళ గుమాస్తా దాకా అందరికీ ఆమె నురగక్కే. కొత్తగా చేరినవాళ్ళు ఒకటి రెండు రోజులు మొహమాటపడేవారు. మూడో రోజుకి వాళ్ళ నోటా అదే మాట. ఒకసారి పోస్టాఫీసులో గుమాస్తా అసలు పేరు పెట్టి పిలిస్తే, ఇంకెవరినో అనుకుని ఆమె బెంచీ మీంచి కదలనే లేదు.

ఆ పేరు ఐదు గాజు గొట్టాల వల్ల వచ్చింది. నెలలు నిండకుండానే కాన్పు చేయాల్సి వచ్చినప్పుడు, లేక తల్లి చెప్పిన నెలల లెక్క మీద డాక్టర్లకి నమ్మకం కుదరనప్పుడు, తల్లి కడుపులోంచి సూదితో కాస్త ఉమ్మనీరు తీసి పంపించేవారు. లోపలున్న బిడ్డ ఊపిరితిత్తులు బయటి గాలికి సిద్ధమయ్యాయో లేదో ఆ నీటిని చూసి చెప్పాలి. ఊపిరితిత్తుల్లో ఉండే బుల్లి గాలిసంచులు ఒకదానికొకటి అతుక్కుపోకుండా కాపాడే జిడ్డు ఒకటుంది. నెలలు నిండేకొద్దీ అది ఊరుతుంది, ఉమ్మనీటిలోకీ వస్తుంది. సబ్బునీళ్ళు నురగ కట్టినట్టే ఆ జిడ్డున్న నీరూ నురగ కడుతుంది. ఐదు గొట్టాల్లో ఉమ్మనీటిని అంతకంతకూ పల్చన చేసి పోసి, స్పిరిట్ కలిపి, పదిహేను సెకన్లు గట్టిగా కుదిపి, పదిహేను నిమిషాలు ఊపిరి కూడా తగలకుండా నిలబెట్టాలి. మూడో గొట్టం దాకా అంచు చుట్టూ బుడగల ఉంగరం తెగకుండా నిలిచిందా, బిడ్డ సిద్ధం. నిలవలేదా, ఆగాలి.

ఆమె ఉద్యోగంలో చేరిన ఏడాదిలోనే ఒక తల్లికి నెలల లెక్క తప్పి తొందరపడి ఆపరేషన్ చేశారు. బిడ్డ ఒకటిన్నర రోజు మూలుగుతూ ఊపిరి తీసింది. తర్వాత తీయలేదు. ఆ వారంలోనే పెద్ద డాక్టరమ్మ ఎక్కణ్ణించో ఒక కాగితం తెచ్చి, ఇది నువ్వు నేర్చుకో అని ఆమె చేతిలో పెట్టింది. అప్పటికి ఆమెకి ఇరవై ఆరేళ్ళు. ఇప్పుడు నలభై ఆరు. ఈ ఇరవయ్యేళ్ళలో నురగ అవునన్నాక ఊపిరాడక ఇబ్బందిపడ్డ బిడ్డ ఒక్కటీ లేదు. ఆ సంగతి ఆమె ఎంతమందికి చెప్పిందో లెక్కలేదు. గొప్ప కోసం కాదు గాని, గొప్ప అసలు లేదని కూడా అనలేం.

నురగ కాదన్నప్పుడు ఎన్నిసార్లు నిజం చెప్పింది అని మాత్రం అన్నేళ్ళూ ఆమెను ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పే దారి లేదు. కాదంటే డాక్టర్లు ఆగేవారు. వారం పదిరోజులు ఆగాక పుట్టిన బిడ్డ ఎలాగూ బాగానే ఉంటుంది. ముందే పుడితే ఎలా ఉండేదో ఎవరికి తెలుసు?

చివరికి ఆ ప్రశ్న అడిగినవాడు చిన్న డాక్టరు. ముప్ఫై ఏళ్ళు కూడా నిండని మనిషి. సన్నగా, పొడుగ్గా, జేబులో ఎప్పుడూ బిస్కెట్ల పొట్లంతో తిరిగేవాడు. లాబొరేటరీ బాధ్యత తీసుకున్న నెలకే రక్తకణాలు లెక్కపెట్టే కొత్త యంత్రం వచ్చింది. అందరూ దాన్ని రక్తానికే వాడుతుంటే, ఉమ్మనీటికి కూడా పనికొస్తుందని అతనన్నాడు. ఊపిరితిత్తుల జిడ్డు ఉమ్మనీటిలోకి వచ్చేటప్పుడు పొరలు పొరలుగా చుట్టుకుని బుల్లి ఉండలుగా వస్తుందట. ఆ ఉండలు రక్తంలోని ప్లేట్‌లెట్లంత ఉంటాయి కాబట్టి, యంత్రం వాటినే ప్లేట్‌లెట్లనుకుని లెక్కపెట్టేస్తుంది. యాభై వేలు దాటితే బిడ్డ సిద్ధం. మొత్తం పది నిమిషాల పని.

యంత్రం ప్లేట్‌లెట్లనుకుని ఇంకోటి లెక్కపెడితే అది తెలివెలా అవుతుందని ఆమె మనసులో అనుకుంది.

పెద్ద డాక్టరమ్మ పోల్చి చూడమంది. అందుకని మూడు పరీక్షలూ పక్కపక్కనే చేయాలని నిర్ణయమైంది. ఒకటి నురగ. రెండోది పలక పరీక్ష. గాజు పలక మీద తెల్లటి పొడి పూసి, అంచున ఉమ్మనీటి సారం చుక్క పెట్టి, ద్రావకంలో నిలబెడితే రెండు రకాల కొవ్వులు రెండు మచ్చలుగా విడిపోతాయి. మొదటి మచ్చ రెండోదానికి రెండింతలుంటే బిడ్డ సిద్ధం. మంచి పరీక్షే గాని పొద్దున మొదలుపెడితే సాయంత్రమవుతుంది. మూడోది యంత్రం. డాక్టర్లు ఎప్పట్లాగే నురగనీ పలకనీ చూసి నిర్ణయాలు తీసుకుంటారు. యంత్రం చెప్పింది మాత్రం ఎవరికీ చూపించకుండా ఒక రిజిస్టరులో రాసి పెట్టాలి. పరీక్ష చేసిన మూడు రోజుల్లోపల పుట్టిన బిడ్డలనే లెక్కలోకి తీసుకుని, ఎవరు హాయిగా ఊపిరి తీశారో, ఎవరు ఇబ్బందిపడ్డారో చూసి, ఏ పరీక్ష నిజం చెప్పిందో తేల్చాలి. తల్లి పరిస్థితి వల్ల ఆగలేకో, నొప్పులు వాటంతటవే వచ్చో, నురగ కాదన్నా పుట్టేసే బిడ్డలు కొందరుంటారు కదా, అసలు సంగతి చెప్పేది వాళ్ళే అన్నాడు చిన్న డాక్టరు. మూడు పరీక్షలూ నువ్వే చెయ్యి అక్కా, చెయ్యి మారితే లెక్క మారుతుంది అని కూడా అన్నాడు. ఆ మాట ఆమెకి నచ్చింది.

నాలుగు నెలలు గడిచాయి. యాభై ఎనిమిది మంది తల్లులయ్యారు. యంత్రం పరువు మాత్రం రోజురోజుకీ దిగజారింది. అది దాదాపు ప్రతి బిడ్డకీ కాదు, కాదు, కాదనే చెప్పింది. నిండు నెలల బిడ్డ, పుట్టగానే వార్డంతా వినబడేలా ఏడ్చిన బిడ్డ, దానికి కూడా ముప్ఫై వేలే చూపించింది. నురగే నయమనిపించింది. చిన్న డాక్టరు రిజిస్టరు తిరగేసి తిరగేసి, బిస్కెట్టు నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయేవాడు. శనివారం మీటింగులో ఈ యంత్రం ఈ పనికి పనికిరాదని చెప్పేస్తానని, ఒక సోమవారం పొద్దున టీ తాగుతూ ఆమెతో అన్నాడు.

ఆమెకి అతని మీద జాలేసింది. కడుపులో ఎక్కడో చల్లగానూ ఉంది. రెండూ నిజమే.

మంగళవారం సెంట్రిఫ్యూజ్ ఆగిపోయింది. గొట్టాలని గిర్రున తిప్పి మడ్డిని అడుక్కి దించే డబ్బా అది. మోటారు కాలిన వాసన వేస్తే మెకానిక్ విప్పుకుని పట్టుకుపోయాడు. ఆ రోజు వచ్చిన ఉమ్మనీరు రెండు గొట్టాలు. నురగ పరీక్షకి తిప్పక్కర్లేదు, నీరు రాగానే వేడి వేడిగా చేసేదే. పలక పరీక్షని మర్నాటికి ఆపింది. యంత్రానికి మాత్రం వేరే దారి లేక, గొట్టాన్ని మెల్లగా పదిసార్లు తలకిందులు చేసి అలాగే పెట్టింది.

ఒకదానికి తొంభై ఒక్క వేలు. ఇంకోదానికి డెబ్భై నాలుగు.

యంత్రానికి పిచ్చెక్కిందనుకుంది. కడిగింది. ఉత్త నీళ్ళు పెట్టి చూసింది, సున్నా వచ్చింది. మళ్ళీ అవే గొట్టాలు పెట్టింది, మళ్ళీ అవే అంకెలు. ఆ రోజు రిజిస్టరులో అంకెలైతే రాసింది గాని పక్కన పెన్సిల్‌తో చిన్న ప్రశ్నార్థకం పెట్టుకుంది.

గురువారం మధ్యాహ్నం మోటారు తిరిగొచ్చింది. అప్పుడే వచ్చిన ఒక గొట్టం నీటిని ఆమె రెండు భాగాలు చేసింది. ఒక భాగాన్ని ఊరికే తలకిందులు చేసి పెట్టింది. ఎనభై రెండు వేలు. రెండో భాగాన్ని ఎప్పట్లాగే తిప్పి, పైన తేరిన నీటిని తీసి పెట్టింది. ఇరవై ఏడు.

అదే తల్లి, అదే బిడ్డ, అదే సూది.

ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది. అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆ జిడ్డు ఉండలు బరువైనవి. తిప్పితే మడ్డితోపాటు అడుక్కి పోతున్నాయి. అడుక్కి పోయినవాటిని పారబోసి, పైన మిగిలినవాటిని లెక్కపెట్టమని ఆమె నాలుగు నెలలుగా యంత్రానికి ఇస్తోంది. ఎవరూ చెప్పకుండా, తన ఇష్టంతో. ఉమ్మనీటిలో వెంట్రుకలు, చర్మపు పొట్టు లాంటివుంటాయి, యంత్రం సన్నటి గొట్టంలో ఇరుక్కుంటే పాడైపోతుందని ఆమె భయం. కొత్త వస్తువుని జాగ్రత్తగా చూసుకోవాలనే బుద్ధి తప్ప ఇంకేం లేదు. పలక పరీక్షకి తిప్పినా ఫరవాలేదు, అక్కడ చూసేది రెండు కొవ్వుల మధ్య వాటా కాబట్టి. యంత్రానికే ప్రాణం మీదకొచ్చింది.

గోడ మీద చిన్న డాక్టరు స్వయంగా రాసి అంటించిన కాగితం ఉంది. గొట్టాన్ని మెల్లగా పదిసార్లు తలకిందులు చేసి పెట్టాలి అని అందులో ఉంది. తిప్పమని లేదు. ఆమె మొదటిరోజే చదివింది. పాపం కుర్రాడు, తిప్పాలని రాయడం మర్చిపోయాడు అనుకుంది.

ఇంటికి వెళ్ళేదారిలో రెండు స్టాపులు దాటిపోయాక గాని బస్సు దిగలేదు. తనకి తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు. పెన్సిల్ ప్రశ్నార్థకం రబ్బరుతో తుడిస్తే పోతుంది. ఎల్లుండి మీటింగులో యంత్రం ఓడిపోతుంది, నురగ గెలుస్తుంది, ఎవరికీ నష్టం లేదు, ఎవరి బిడ్డకీ ఏమీ కాలేదు. ఇలా తనకి తను సర్దిచెప్పుకుంటూ ఇల్లు చేరేసరికి, చెప్పుకున్నదంతా నడుస్తూ నడుస్తూ ఎక్కడో రాలిపోయినట్టు మళ్ళీ మొదటికే వచ్చింది.

ఇంట్లో ముగ్గురే. ఆమె, గడియారాలు బాగుచేసే భర్త, అత్తగారు. అత్తగారు ముప్ఫై ఏళ్ళు కుట్టుపని చేసి, కళ్ళు తగ్గాక మానేసింది. కళ్ళు తగ్గాయి గాని నోరు తగ్గలేదు. కోడలు కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంటే రెండు నిమిషాలు ఊరుకుని, మూడో నిమిషంలో ఏమైందని అడిగింది. ఆమె మొదట దాటేసింది. తర్వాత మింగలేక కక్కలేక, మొత్తం చెప్పేసింది. తిప్పడం, మడ్డి, ఎనభై రెండు, ఇరవై ఏడు, అన్నీ.

భర్త విని, ఆ యంత్రం నిజంగా మంచిదేనన్నమాట అన్నాడు. అతనికి ఏ యంత్రాన్నైనా అన్యాయంగా తిడితే మనసు చివుక్కుమంటుంది.

అత్తగారు మాత్రం సూటిగా అడిగింది. "టేపు బిగించి పట్టుకుని నడుం కొలిచి, తీరా కుట్టాక జాకెట్టు పట్టడం లేదంటే, తప్పెవరిదే? జాకెట్టుదా?"

"నాదే అత్తయ్యా."

"మరి అదేగా చెప్పాల్సింది. నేనూ ఒకసారి ఇలాగే చేశాను. పెళ్ళికూతురు జాకెట్టు. అమ్మాయి లావైపోయిందని బుకాయించాను. పాపం ఆ పిల్ల నమ్మేసి వారం రోజులు అన్నం మానేసింది. ఇప్పటికీ ఆ పిల్ల ఎదురొస్తే పక్క సందులోకి తిరిగిపోతాను." అని, మళ్ళీ, "ఇప్పుడది ముసల్దైపోయింది. నిజంగానే లావెక్కింది. అయినా సరే తిరిగిపోతాను," అంది.

భర్త నవ్వు ఆపుకోలేక పొలమారాడు. ఆమెకీ నవ్వొచ్చింది. అన్నం తినేసింది.

శుక్రవారం అందరికన్నా ముందు ఆసుపత్రికి వెళ్ళింది. చిన్న డాక్టరు వచ్చేసరికి రెండు గొట్టాలు, రెండు అంకెలు బల్ల మీద పెట్టుకుని కూర్చునుంది. కథలు చెప్పకుండా ముక్కుసూటిగా చెప్పేసింది. ఆమె చెప్పింది చెప్పినట్టు అతను నమ్మలేదు. ఇంకో గొట్టం తీసి, తన చేత్తో సగం తిప్పాడు, సగం తిప్పలేదు. అంకెలు మళ్ళీ అంతే దూరంగా వచ్చాయి. అతను రిజిస్టరు ముందుకి లాక్కుని పేజీలు తిరగేశాడు.

"యాభై ఎనిమిది మంది," అన్నాడు.

"అవును బాబూ."

"తప్పు నాదే అక్కా. తిప్పొద్దు అని రాసుండాల్సింది."

"మీరు రాసింది సరిగ్గానే ఉంది. నేను చదివాను కూడా. మీకు తెలీదులే అనుకున్నాను."

అతను ఆమె వంక చూశాడు. కోపం వస్తుందనుకుంది. రాలేదు. జేబులోంచి బిస్కెట్ల పొట్లం తీసి ముందుకి చాపాడు. ఆమె ఒకటి తీసుకుంది. ఇద్దరూ నిలబడే తిన్నారు. తర్వాత అతను ఆ యాభై ఎనిమిది పేజీలకీ అడ్డంగా గీత కొట్టాడు. సంతోషంగా కొట్టాడు, అది ఆమెకి బాగా గుర్తుండిపోయింది.

శనివారం మీటింగులో పెద్ద డాక్టరమ్మ అంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆడలేక మద్దెల ఓడన్నామన్నమాట, మళ్ళీ మొదట్నించీ ఆడండి అంది. అంతే.

రెండోసారి పని వేరేగా సాగింది. గోడ మీద కాగితంలో ఆమె తన చేత్తోనే ఎర్రసిరాతో పెద్ద అక్షరాలు రాసింది: తిప్పరాదు. ఇంతకుముందు యంత్రాన్ని జాగ్రత్తగా చూసుకునేది, ఇప్పుడు దాని మాటని జాగ్రత్తగా చూసుకోవడం మొదలుపెట్టింది. మూడో వారంలో ఒక సంగతి ఆమే పట్టుకుంది. సూది గుచ్చినప్పుడు కాస్త రక్తం కలిసి నీరు గులాబీరంగులోకి మారితే, యంత్రం అంకె ఉన్నదానికన్నా పెరిగిపోతోంది. రక్తంలో నిజమైన ప్లేట్‌లెట్లు ఉంటాయి కదా, వాటినీ కలిపేసుకుంటోంది. అలాంటి గొట్టాలని పక్కన పెట్టాలని ఆమె అంటే, చిన్న డాక్టరు వెంటనే ఆ వాక్యం కూడా రాసుకున్నాడు. పలకల పని ఎక్కువైనా ఆమె విసుక్కోలేదు. ప్రతి తల్లి దగ్గరికీ కాన్పయ్యాక తనే వెళ్ళి, బిడ్డ ఎలా ఊపిరి తీస్తోందో చూసి వచ్చేది. అది నర్సులు రాసిచ్చినా సరిపోయేది. కాని ఇరవయ్యేళ్ళుగా ఆమె గొట్టాలనే చూసింది, బిడ్డలని చూడలేదు.

నలభై మూడు మంది అయ్యాక ఇద్దరూ కూర్చుని లెక్క తీశారు. నురగ అవునన్న బిడ్డలందరూ బాగానే ఊపిరి తీశారు. ఆమె ఎప్పుడూ చెప్పే మాట నిజమే. కాని నురగ కాదన్నా మూడు రోజుల్లోపల పుట్టిన బిడ్డలు పంతొమ్మిది మంది. వాళ్ళలో పదమూడు మంది ఏ ఇబ్బందీ లేకుండా ఏడ్చారు. ఆ పదమూడు మందిలో పదకొండు మందికి యంత్రం అవుననే చెప్పింది. యంత్రం అవునన్నాక ఇబ్బందిపడ్డ బిడ్డ ఒక్కరూ లేరు. పలక కూడా యంత్రం మాటే చెప్పింది, సాయంత్రానికి.

ఆమె ఆ పదమూడు మీద వేలు పెట్టింది. ఇరవయ్యేళ్ళలో ఇలాంటివాళ్ళు ఎంతమంది ఉండి ఉంటారో, ఎంతమంది తల్లులు వార్డు మంచం మీద ఊరికే వారాలు లెక్కపెట్టుకున్నారో అనుకుంది. చిన్న డాక్టరు అది గ్రహించి, ఆగడం వల్ల ఎవరూ పోలేదు అక్కా, తొందరపడితే పోయేవాళ్ళు అన్నాడు. అది ఊరడింపు మాటే గాని అబద్ధం కాదు.

ఆ మరుసటి వారమే పోస్టావిడ వచ్చింది.

నురగక్క వాళ్ళ వీధికి ఉత్తరాలు తెచ్చే మనిషి. ఎనిమిదో నెలలో కూడా సంచీ భుజాన వేసుకుని తిరిగింది. బీపీ పెరిగి కాళ్ళు వాచిపోతే ఆసుపత్రిలో చేర్చారు. నెలల లెక్క అడిగితే తనొకటి చెప్పింది, స్కానింగ్ ఇంకోటి చెప్పింది, రెండింటికీ మధ్య మూడు వారాల తేడా. ఉమ్మనీరు తీసిన గొట్టం అందుకోవడానికి నురగక్క వార్డుకి వెళితే, మంచం మీంచే గుర్తుపట్టింది.

"మీ ఇంటి ఉత్తరాల డబ్బా మూత ఊడిపోయి ఆర్నెల్లయిందండీ. ఊళ్ళోవాళ్ళ గడియారాలన్నీ బాగుచేస్తాడు మీ ఆయన, ఆ మూత బిగించలేడా?"

"మా ఇంట్లో గడియారమే పదినిమిషాలు వెనక నడుస్తుంది," అంది నురగక్క. పోస్టావిడ నవ్వబోయి, తలనొప్పికి మొహం చిట్లించింది.

నీరు తేటగా ఉంది, రక్తం చుక్క కూడా లేదు. అది ముందు చూసుకుంది. ఐదు గొట్టాలూ కుదిపి నిలబెట్టి, పదిహేను నిమిషాలు గడియారం చూస్తూ కూర్చుంది. మొదటి గొట్టంలో ఉంగరం నిలిచింది. రెండోదాంట్లో నిలిచింది. మూడోదాంట్లో ఒకవైపు తెగింది. యంత్రం అప్పటికే అరవై ఎనిమిది వేలని చెప్పి ఊరుకుంది. పలక మచ్చలు తేలడానికి ఇంకా ఆరు గంటలు.

పెద్ద డాక్టరమ్మ స్వయంగా లాబొరేటరీకి వచ్చింది. ఆవిడ రావడం ఏడాదికి ఒకటి రెండుసార్లే. బీపీ మందులకి లొంగడం లేదని, ఇంకో రెండు రోజులు లాగొచ్చు గాని లాగడం తనకి ఇష్టం లేదని, అలాగని ఊపిరాడని బిడ్డని బయటికి తీయడం అంతకన్నా ఇష్టం లేదని చెప్పింది. చిన్న డాక్టరు నోరు తెరవబోతే చెయ్యి ఎత్తి ఆపింది.

"నీ మాట నాకు తెలుసు. నీ యంత్రం కదా." నురగక్క వైపు తిరిగింది. "నువ్వు చెప్పు. నీ నురగ ఏమంది?"

"కాదంది డాక్టరమ్మా."

"మరి?"

నురగక్క తెగిన ఉంగరం వంక ఒకసారి చూసింది.

"నా నురగ అవునంటే నమ్మండి. కాదంటే మాత్రం నమ్మకండి. మేం చూసినవాళ్ళలో అది కాదన్న ప్రతి ముగ్గురిలో ఇద్దరు బాగానే ఏడ్చారు. నీరు తేటగా ఉంది, తిప్పకుండా నా చేత్తోనే పెట్టాను. యంత్రం సిద్ధమంటోంది. ఇవాళ నేనూ యంత్రం మాటే అంటున్నాను."

పెద్ద డాక్టరమ్మ థియేటరు సిద్ధం చేయమని చెప్పి అటునుంచటే వెళ్ళిపోయింది.

ఆ గంటన్నరా నురగక్క పలక పక్కనే కూర్చుంది. మచ్చలు పైకి పాకుతూనే ఉన్నాయి, చదవడానికి వీల్లేదు. ఎవరైనా పని చెబితే బాగుండుననిపించి, కడిగిన గొట్టాలనే మళ్ళీ కడిగింది. చిన్న డాక్టరు మూడుసార్లు తలుపు దాకా వెళ్ళి మూడుసార్లు తిరిగొచ్చాడు. బిస్కెట్లు అయిపోయాయి.

చివరికి ఫోను మోగితే ఇద్దరూ ఒకేసారి చెయ్యి చాపారు. ఆమే అందుకుంది. అవతల థియేటరు నర్సు ఏదో చెబుతోంది, కాని వెనకాల వినిపిస్తున్న ఏడుపుకి మాటలు సరిగ్గా వినపడలేదు. ఆ ఏడుపు ఆగకుండా, తడబడకుండా, చుట్టుపక్కల అందరికీ ఏదో ఫిర్యాదు చేస్తున్నట్టుంది. ఆమె ఫోను చిన్న డాక్టరు చెవి దగ్గర పెట్టింది. అతను విని, కుర్చీలో కూలబడి, రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు.

ఆడపిల్ల. రెండు కిలోల మూడొందలు. మర్నాడు కూడా, మూడో రోజు కూడా, ఊపిరి ఎగపోత అన్నది లేదు. పుట్టిన రోజు సాయంత్రం పలక కూడా అవునంది. ఆ మాటకోసం అప్పుడెవరూ ఎదురుచూడటం లేదు గాని, ఆమె శ్రద్ధగా రిజిస్టరులో రాసింది. పోస్టావిడ బీపీ వారానికి దిగింది. బిడ్డని చూడ్డానికి వెళ్ళిన నురగక్కతో, మీరేదో నా తరఫున మాట్లాడారటగా అంది. నర్సుల నోట్లో నువ్వుగింజ నానదు. నేను నురగ తరఫున మాట్లాడలేదు, అంతే అంది నురగక్క. పోస్టావిడకి అది అర్థం కాలేదు. అయినా నవ్వింది.

ఎనభై మంది పూర్తయ్యాక నివేదిక తయారైంది. ఇకమీదట ముందు యంత్రం, యంత్రం అటూఇటూ కాకుండా చెబితే పలక అని తేలింది. ఆసుపత్రిలో నురగ పరీక్ష ఆగిపోయింది. ఐదు గొట్టాల స్టాండు అలమారలో పై అరకి వెళ్ళిన రోజు ఆమెకి ఏడుపొస్తుందని నర్సులు పందెం వేసుకున్నారట. రాలేదు. ఆ రోజు ఆమె మధ్యాహ్నానికే పనంతా ముగించుకుని, చాలా ఏళ్ళ తర్వాత ఆసుపత్రి వెనక వరండాలో ఎండలో కూర్చుని తీరిగ్గా టీ తాగింది.

నివేదికలో చిన్న డాక్టరు ఒక పేజీ అదనంగా రాశాడు. తిప్పితే ఏమవుతుందో, రక్తం కలిస్తే ఏమవుతుందో అందులో ఉంది. ఈ రెండూ కనిపెట్టింది లాబొరేటరీ టెక్నీషియన్ అని రాసి, పక్కన ఆమె అసలు పేరు పెట్టాడు. మొదటిది కనిపెట్టలేదు బాబూ, చేశాను అని ఆమె అంది. చేసినవాళ్ళు చాలామంది ఉంటారు, చెప్పినవాళ్ళే తక్కువ అన్నాడతను. ఆ కాగితాన్ని భర్త తన దుకాణంలో గాజు బల్ల కింద పెట్టుకున్నాడు. గడియారం బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్ళందరూ ఉమ్మనీటి గురించి కొంత తెలుసుకుని వెళ్ళేవారు.

తర్వాత పెద్ద డాక్టరమ్మ ఆమెకి ఒక కొత్త పని అప్పగించింది. చుట్టుపక్కల చిన్న ఆసుపత్రులున్నాయి. మూడు గదులు, ఇద్దరు నర్సులు, యంత్రం మాట దేవుడెరుగు, కరెంటే సరిగ్గా ఉండదు. స్పిరిట్, గొట్టాలు మాత్రం ఎక్కడైనా ఉంటాయి. వాళ్ళకి నురగ పరీక్ష నేర్పించి రావాలి. దాని విలువ ఎంతో, దాని హద్దు ఎక్కడో నీకన్నా తెలిసినవాళ్ళు లేరు అంది పెద్ద డాక్టరమ్మ.

నురగక్క నెలకి రెండుసార్లు బస్సెక్కి వెళ్ళేది. అలా వెళ్ళినచోట ఒక ఆసుపత్రిలో, ఉద్యోగంలో కొత్తగా చేరిన నర్సొకామె గొట్టాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని భయం భయంగా ఊపింది.

"జోల పాడుతున్నట్టు ఊపకమ్మా. ఎవరి మీదో కోపం ఉన్నట్టు ఊపు," అంది నురగక్క.

నర్సు ఎవరిని తలుచుకుందో గాని ఈసారి బాగా ఊపింది. గొట్టాలు నిలబెట్టి పదిహేను నిమిషాలు ఇద్దరూ కబుర్లు చెప్పుకున్నారు. నర్సు అన్నగారికి ఈమధ్యే కవలలు పుట్టారట, ఇంట్లో ఎవరికీ నిద్రల్లేవట. టైమవగానే వంగి చూశారు. మూడో గొట్టంలో ఉంగరం లేదు.

నర్సు పుస్తకం తెరిచి, పెన్ను పట్టుకుని, "కాదు అని రాయనా అక్కా?" అని అడిగింది.

"కాదు అని రాయకు. తెలియదు అని రాయి. రాసి, మిగిలిన ఉమ్మనీటి గొట్టం మా దగ్గరికి పంపించు. తిప్పకుండా."

నర్సు రాసుకుంది. కిటికీలోంచి బస్సు హారను వినిపించింది గాని నురగక్క తొందరపడలేదు. గంటకి ఇంకోటి ఉంది. ఇంకో ఐదు గొట్టాలు తీసి, ఈసారి మొత్తం నువ్వే చెయ్యి, నేను చూస్తూ కూర్చుంటాను అని కుర్చీ దగ్గరికి లాక్కుంది.